తక్కువ సంఖ్యలో తయారైన చిన్న పిస్టళ్లు: కలెక్టర్ వాటిని పోల్చి చూసుకునే పద్ధతి, అంచెలంచెలుగా

"అన్నా, డెటోనిక్స్ ఒకటి దొరికింది. ఇంచుమించు అదే డబ్బుకు పీ7ఎం8 కూడా వస్తోంది. ఏది తీసుకోమంటావ్?"

టెక్సస్‌లో ఉంటున్న నాకు ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ప్రతిసారీ నేను ఎదురు అడిగేది ఒక్కటే: ఫోటోలో మోడల్ పేరు తప్ప ఇంకేం చూశావ్? చాలాసార్లు అవతల మౌనం. "మొత్తం ఇన్నే తయారయ్యాయట" అన్న ఒక్క మాట పట్టుకుని డబ్బు కట్టేయడానికి సిద్ధమైపోతారు.

ఎన్ని తయారయ్యాయి అన్నది చివర అడగాల్సిన ప్రశ్న. మన చేతిలో ఉన్నది నిజంగా అదేనా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా, ఆ సంగతి రేపు ఇంకొకరికి చూపించగలమా అన్నవి మొదటి ప్రశ్నలు. కింద రాసిన పద్ధతంతా ఈ వరసలోనే నడుస్తుంది. కాల్చడం గురించి ఇందులో లేదు. ఇది కేవలం సేకరణ కోసం.

## 1. ముందు మీకు అర్హత ఉందో లేదో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసి రెండోదానికి వెళ్లొద్దు. ముఖ్యంగా వీసా మీద ఉన్నవాళ్లు.

హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్‌ఇమిగ్రంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోండి, స్నేహితుణ్ని కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనవచ్చు. డీలర్ దగ్గర హ్యాండ్‌గన్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి.

"నీకు గ్రీన్‌కార్డు ఉంది కదా, నా డబ్బుతో నీ పేరు మీద కొనిపెట్టు" అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. ఎంత దగ్గరివాళ్లయినా సరే. కొనేది మీ కోసమేనా అని డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే అది నేరం. ఒక పిస్టల్ కోసం ఇద్దరి ఇమిగ్రేషన్ భవిష్యత్తు పోతుంది.

ఇంకో నాలుగు సంగతులు చూసుకోవాలి:

- వేరే రాష్ట్రంలో ఉన్న పిస్టల్ నేరుగా మీ ఇంటికి రాదు. మీ రాష్ట్రంలోని లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికి రావాలి. అక్కడ ఫారం నింపి తీసుకోవాలి.
- పాత ఆయుధాలు సేకరించేవాళ్లకు టైప్ 03 లైసెన్స్ ఉంది. మూడేళ్లకు 30 డాలర్లు. తయారై 50 ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్నవాటికీ, ప్రభుత్వ జాబితాలో ప్రత్యేకంగా చేర్చినవాటికీ అది పనికొస్తుంది, అలాంటివి వేరే రాష్ట్రం నుంచి నేరుగా తెప్పించుకోవచ్చు. ఆ లెక్క మోడల్‌ని బట్టి కాదు, మీ చేతిలో ఉన్న పిస్టల్ తయారైన తేదీని బట్టి.
- న్యూజెర్సీలో ఉన్నవాళ్లు ప్రతి హ్యాండ్‌గన్‌కూ ముందుగా పర్మిట్ తీసుకోవాలి. 10 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ అక్కడ ఉంచుకోకూడదు. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల ఇంకా వేరే నిబంధనలు ఉన్నాయి.
- ఇండియాకి పట్టుకెళ్దామన్న ఆలోచన పెట్టుకోవద్దు. 9 ఎంఎం, .45 పిస్టళ్లు అక్కడ నిషేధిత బోరులు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్స్ ఉన్నవాళ్లకి కూడా రెండు ఆయుధాలే పరిమితి. ఈ రకం సేకరణ మన ఊళ్లో సాగేది కాదు.

## 2. పోల్చేవాటిని నాలుగైదుకి కుదించండి

అన్నీ చూద్దామనుకుంటే ఏదీ సరిగ్గా చూడం. నేను ఎక్కువగా చూసే కుటుంబాలు ఇవి.

డెటోనిక్స్ కంబాట్‌మాస్టర్. .45 ఏసీపీ, 3.5 అంగుళాల బ్యారెల్, మ్యాగజైన్‌లో ఆరు తూటాలు. 1970ల రెండో సగంలో సియాటిల్‌లో మొదలైంది. 1911 అనే పాత అమెరికన్ సైనిక పిస్టల్‌ని కుదించి చేసినదే కానీ, ఊరికే కోసి పొట్టి చేసింది కాదు.

ఏఎస్‌పీ. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 39 తీసుకుని ప్యారిస్ థియోడోర్ న్యూయార్క్‌లో మార్పులు చేయించిన 9 ఎంఎం పిస్టల్. తర్వాత విస్కాన్సిన్‌లోని యాపిల్టన్‌లో కూడా చేశారు. ఈ జాబితాలో అన్నిటికంటే అరుదైనదీ, మోసపోయే ప్రమాదం అన్నిటికంటే ఎక్కువున్నదీ ఇదే.

హెక్లర్ అండ్ కోక్ పీ7 కుటుంబం. జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్ తయారీ. పీఎస్‌పీ, పీ7ఎం8, పీ7ఎం13, .40 తూటాకి చేసిన పీ7ఎం10, .380కి చేసిన పీ7కే3. పీఎస్‌పీ, ఎం8 మరీ అరుదు కావు. ఎం10, కే3 మాత్రం తక్కువే కనిపిస్తాయి.

రోర్‌బాక్ ఆర్9. న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో ఒక చిన్న కుటుంబ సంస్థ చేసిన 9 ఎంఎం జేబు పిస్టల్. బరువు దాదాపు 380 గ్రాములే. 2014లో రెమింగ్టన్ ఆ సంస్థను కొనేసింది.

సీక్యాంప్ ఎల్‌డబ్ల్యూఎస్ 32. 1985లో వచ్చింది. దీనికి సైట్లు (గురి చూసే గుర్తులు) ఉండవు. కనెక్టికట్‌లోని మిల్‌ఫర్డ్‌లో చేసినవి ఒక రకం, తర్వాత మసాచుసెట్స్‌లో చేసినవి ఇంకో రకం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా: పీ7తో మొదలుపెట్టండి. గుర్తులు చదవడం నేర్చుకోవడానికి దానంత మంచి పిస్టల్ లేదు. ఏఎస్‌పీని ఆఖరికి ఉంచుకోండి.

## 3. ఒక్క కాగితం తయారుచేసుకోండి

ఒక తెల్ల కాగితం అడ్డంగా పెట్టి, కొనాలనుకుంటున్న ఒక్కో పిస్టల్‌కి ఒక్కో నిలువు గడి గీయండి. గడిపైన "డెటోనిక్స్" అని మాత్రం రాస్తే చాలదు. "డెటోనిక్స్, సియాటిల్ గుర్తు, మార్క్ 5, సీరియల్ చివరి అంకెలు ఇవి" అని రాయాలి. పోల్చేది రెండు పేర్లని కాదు, బల్ల మీదున్న రెండు వస్తువుల్ని.

ఎడమవైపు అడ్డ వరసలు ఈ క్రమంలోనే ఉండాలి:

1. తయారైన చోటు, ఏడాది, ఆ సంగతి దేన్నిబట్టి తెలిసింది
2. సీరియల్ నంబర్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా
3. ఫినిష్ (లోహం పైపూత, మెరుపు) అసలుదా, మళ్లీ వేసిందా
4. మార్చిన భాగాలు
5. పనితీరు
6. మ్యాగజైన్లు, పెట్టె, కాగితాలు
7. ఇప్పుడు విడిభాగాలు దొరుకుతాయా
8. ఇటీవల నిజంగా అమ్ముడైన ధర
9. ఎన్ని తయారయ్యాయి

తొమ్మిదో వరస ఖాళీగా మిగిలిపోయినా ఫర్వాలేదు. మొదటి నాలుగింటిలో ఏది ఖాళీగా ఉన్నా ఆ రోజు డబ్బు తీయకండి.

## 4. వెంట తీసుకెళ్లాల్సినవి

- చిన్న టార్చ్, తెల్లటి వెలుగు ఇచ్చేది
- 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం
- నైట్రైల్ గ్లోవ్స్, మెత్తటి గుడ్డ
- ఆ తూటా సైజుకి సరిపోయే స్నాప్ క్యాప్స్ (మందులేని ఉత్తుత్తి తూటాలు)
- ముందే ప్రింట్ తీసిన అసలు పిస్టల్ ఫోటోలు, రెండువైపులవీ, అడుగుదీ
- మీ కాగితం, పెన్ను

తుల్సాలో ఏడాదికి రెండుసార్లు జరిగే పెద్ద షో లాంటి చోట్ల ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు. ప్రింట్ కాగితాలే ఆదుకుంటాయి.

## 5. చేతిలోకి తీసుకునే పద్ధతి

1. ముందు అడగండి: "చూడవచ్చా?" ముట్టుకోవడానికి ఒకసారి, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) లాగడానికి ఇంకోసారి, ట్రిగ్గర్ నొక్కడానికి మరోసారి అనుమతి తీసుకోవాలి.
2. బ్యారెల్ ఎవరివైపూ లేకుండా పట్టుకోండి. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటే ఉండాలి.
3. మ్యాగజైన్ తీయండి. తర్వాత స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే అరలోకి) కంటితో చూడండి, వేలితో తడమండి. అమ్మేవాడు ఖాళీ అని చెప్పినా సరే మీరు చూసుకోవాల్సిందే.
4. ఖాళీ ఛాంబర్ మీద స్లైడ్‌ని టపీమని వదిలేయకండి. చేత్తో పట్టి ముందుకు తీసుకెళ్లండి.

పీ7కి ఒక ప్రత్యేకత ఉంది. పిడికి ముందువైపున్న మీటని పిడికిలితో బిగిస్తేనే అది కాక్ అవుతుంది, అంటే పేలడానికి సిద్ధమవుతుంది, వదిలితే డీకాక్ అవుతుంది. వెనక్కి ఆగిన స్లైడ్‌ని ముందుకి పంపేదీ ఆ మీటే. కొత్తవాళ్లు తెలియక బిగించేసరికి స్లైడ్ ధడాలున ముందుకి దూకుతుంది. బల్ల దగ్గర అందరూ ఉలిక్కిపడతారు. ముందే గుర్తుపెట్టుకోండి.

## 6. గుర్తులు చదవడం

ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. నేనైతే ఒక్కో పిస్టల్‌కి కనీసం పదిహేను నిమిషాలు పెడతాను.

పీ7 గుర్తులు. స్లైడ్ మీద ప్రూఫ్ మార్క్ (కాల్చి పరీక్షించారని వేసే ముద్ర) దగ్గర రెండు అక్షరాల తేదీ కోడ్ ఉంటుంది. దాన్ని చదవడం తేలిక: ఏ అంటే 0, బీ అంటే 1, సీ 2, డీ 3, ఈ 4, ఎఫ్ 5, జీ 6, హెచ్ 7, ఐ 8. జే వదిలేసి కే అంటే 9. కాబట్టి "ఐఈ" అని ఉంటే 84, "కేసీ" అని ఉంటే 92. పక్కనే జింక కొమ్ము గుర్తుంటే అది ఉల్మ్ ప్రూఫ్ హౌస్‌ది. గద్ద కింద ఎన్ అక్షరం ఉంటే పొగరాని మందుతో ప్రూఫ్ చేసిన గుర్తు.

అమెరికా మార్కెట్ కోసమే వచ్చినవాటి మీద హెక్లర్ అండ్ కోక్ అమెరికా శాఖ వర్జీనియా చిరునామా ఉంటుంది. జర్మన్ పోలీసుల దగ్గర వాడేసి తర్వాత ఇక్కడికి వచ్చినవాటి మీద వేరే దిగుమతిదారు పేరు, ఊరు ఉంటాయి. బవేరియా, లోయర్ శాక్సనీ పోలీసులు ఈ పిస్టల్ వాడారు. పోలీసు పిస్టల్ కొనడం తప్పేమీ కాదు. నాకు అవంటే ఇష్టం కూడా. కానీ అది కమర్షియల్ పీ7ఎం8 కాదు, ఆ ధర పెట్టకూడదు. తేడా పట్టడానికి మ్యాగజైన్ ఎలా వదులుతుందో చూస్తే చాలు. పీఎస్‌పీకి పిడి అడుగున మడమ దగ్గర లాచ్ ఉంటుంది. ఎం8కి ట్రిగ్గర్ గార్డ్ వెనక రెండువైపులా మీట ఉంటుంది.

డెటోనిక్స్ గుర్తులు. ఊరి పేరు చదవండి. సియాటిల్ అంటే మొదటి కాలంనాటిది. తర్వాత అరిజోనాలోని ఫీనిక్స్‌లో న్యూ డెటోనిక్స్ పేరుతో చేశారు. 2004 తర్వాత జార్జియాలోని పెండర్‌గ్రాస్‌లో, ఆ తర్వాత ఇల్లినాయ్‌లోని మిల్‌స్టాట్‌లో చేశారు. అన్నిటి మీదా డెటోనిక్స్ అనే ఉంటుంది, కానీ కలెక్టర్లకి అవి నాలుగు వేర్వేరు వస్తువులు.

ఆకారం కూడా మాట్లాడుతుంది. అసలు కంబాట్‌మాస్టర్‌కి వెనక సైట్ బాగా ముందుకి జరిగి ఉంటుంది. దాని వెనక స్లైడ్ పైభాగం ఏటవాలుగా కిందికి దిగుతుంది, బొటనవేలితో హ్యామర్ అందుకోవడానికి. పిడి వెనక నొక్కుడు సేఫ్టీ ఉండదు. బ్యారెల్ మూతి గంటలా వెడల్పయి, బుషింగ్ (మూతి దగ్గరుండే కడియం) లేకుండా నేరుగా స్లైడ్‌లో కూర్చుంటుంది. వీటిలో ఏ ఒక్కటి కలవకపోయినా అది ఎవరో 1911ని కోసి చేసినదై ఉండొచ్చు.

ఏఎస్‌పీ గుర్తులు. ముందు సైట్ ఉండదు. స్లైడ్ మీద చిన్న కాలువలాంటి సైట్ ఒక్కటే ఉంటుంది. దాన్ని గటర్‌స్నైప్ అంటారు. గ్రిప్స్ పారదర్శకంగా ఉంటాయి, మ్యాగజైన్ పక్కన చీలిక ఉంటుంది, తూటాలు ఎన్ని ఉన్నాయో పిడిలోంచే కనిపిస్తుంది. ట్రిగ్గర్ గార్డ్ ముందు వేలు ఆనించడానికి వంపు ఉంటుంది. అంచులన్నీ గుండ్రంగా అరగదీసి ఉంటాయి.

మోడల్ 39 మీద డెవెల్ అనే ఇంకో మార్పిడి కూడా ఉండేది. కొందరు అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి మాట్లాడతారు. ఫ్రేమ్ సీరియల్ నంబరు పట్టుకుని స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ నుంచి లెటర్ తెప్పించుకోవచ్చు. అయితే ఆ లెటర్ చెప్పేది మోడల్ 39 ఎప్పుడు, ఎక్కడికి వెళ్లిందన్నది మాత్రమే. తర్వాత దాన్ని ఎవరు మార్చారో అది చెప్పదు. "లెటర్ ఉంది కాబట్టి ఏఎస్‌పీ అసలుదే" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి.

ఇంకొకటి. మూల పిస్టల్‌కి 50 ఏళ్లు దాటినా, మార్పులు చేశాక అది అసలు రూపంలో లేనట్టే. కాబట్టి ఏఎస్‌పీని టైప్ 03 లైసెన్స్ మీద తెప్పించుకోవచ్చు అనుకోకండి.

## 7. ఫినిష్ అసలుదో కాదో పట్టుకోవడం

నా మొదటి డెటోనిక్స్‌తో నేను దెబ్బతిన్నది ఇక్కడే. సియాటిల్ గుర్తు, "ఎప్పుడూ కాల్చలేదు, అంతా ఒరిజినల్" అన్నాడు అమ్మినాయన. షోలో పసుపు లైట్ల కింద ముత్యంలా మెరుస్తూ కనిపించింది. భూతద్దం కారులోనే ఉండిపోయింది, తెచ్చుకోవడానికి బద్ధకించాను. ఇంటికొచ్చి టేబుల్ లైట్ కింద పెట్టి టార్చ్ వెలుగుని అక్షరాల మీద పక్కనుంచి పడేలా పట్టుకుంటే సంగతి బయటపడింది.

రోల్ మార్క్ (ఫ్యాక్టరీలో లోహంలోకి ఒత్తి వేసే అక్షరాలు) వేసినప్పుడు లోహం పక్కలకి తోసుకుని అక్షరం చుట్టూ సన్నటి గట్టు లేస్తుంది. కొత్త పిస్టల్ మీద వేలిగోరు నడిపితే గోరుకి తగులుతుంది. నాదాని మీద గట్టు లేదు. అక్షరం అంచులు నానిన సబ్బుబిళ్ల మీది పేరులా మెత్తబడి ఉన్నాయి. ఒక పాత గీత నేరుగా అక్షరంలోకి దిగి, ఆ గుంటలో కూడా కొత్త మెరుపే ఉంది. అంటే గీత పడ్డాక ఎవరో పాలిష్ చేసి, పైన బ్లాస్టింగ్ చేశారన్నమాట. రెండేళ్ల తర్వాత ఉన్న విషయం చెప్పి అమ్మితే పెట్టిన డబ్బులో మూడో వంతు పోయింది.

చూడాల్సినవి:

- [ ] అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, వెలుగు పక్కనుంచి పడితే గట్టు కనిపిస్తోందా
- [ ] రంధ్రాల అంచులు గుండ్రంగా అరిగి, గిన్నెలా లోపలికి దిగాయా
- [ ] చదునుగా ఉండాల్సిన స్లైడ్ పక్కలు అలలు అలలుగా ఉన్నాయా
- [ ] స్క్రూ తలల గాళ్లు చెదిరి ఉన్నాయా
- [ ] గ్రిప్స్ కింద, మ్యాగజైన్ దూరే చోట లోపలి రంగు బయటి రంగుతో కలుస్తోందా

నిజాయతీగా వాడి అరిగిన ఒరిజినల్ ఫినిష్, కొత్తగా మెరిసే రీఫినిష్ రెండూ ఒకే ధరకి ఉంటే నేను మారు ఆలోచన లేకుండా అరిగినదే తీసుకుంటాను.

## 8. పనితీరు చూడటం

కలెక్టర్ పిస్టల్ కాల్చకపోయినా అది పనిచేసే స్థితిలో ఉండాలి.

అన్నిటికీ: బోర్‌లోకి వెలుగు పెట్టి గుంటలు, ఉబ్బు ఉన్నాయేమో చూడండి. స్లైడ్ నిదానంగా లాగితే ఎక్కడైనా గీసుకుంటోందా గమనించండి. అనుమతి ఉంటే స్నాప్ క్యాప్ పెట్టి ట్రిగ్గర్ చూడండి.

డెటోనిక్స్ స్టెయిన్‌లెస్: ఆ కాలపు స్టెయిన్‌లెస్ పిస్టళ్లలో స్లైడ్, ఫ్రేమ్ పట్టాలు ఒకదాన్నొకటి కొరుక్కునే సమస్య ఉండేది. పట్టాల మీద గరుకు చారలు ఉంటే పక్కన పెట్టేయండి. రికాయిల్ స్ప్రింగులు (స్లైడ్‌ని మళ్లీ ముందుకి తోసేవి) ఒకదానిలో ఒకటి అమర్చి ఉంటాయి, అన్నీ ఉన్నాయో లేదో విప్పించి చూడండి.

పీ7: బ్యారెల్ కింద గ్యాస్ సిలిండర్, పిస్టన్ ఉంటాయి. మసి గట్టిగా పేరుకుందా చూడండి. ఛాంబర్‌లో పొడుగాటి సన్నగాళ్లు కనిపిస్తే కంగారు పడకండి, అవి ఫ్యాక్టరీలో వేసినవే. కాల్చిన తూటా తొడుగు మీద నల్లచారలు రావడం కూడా మామూలే. కే3లో మాత్రం గ్యాస్ పిస్టన్ బదులు నూనె నిండిన బఫర్ ఉంటుంది. అది కారుతోందేమో చూడాలి.

ఆర్9: రికాయిల్ స్ప్రింగ్ 200 తూటాలకి ఒకసారి మార్చమని తయారీదారే చెప్పాడు. కాబట్టి ఎన్ని తూటాలు కాల్చారు, స్ప్రింగ్ ఎప్పుడు మార్చారు అని తప్పకుండా అడగండి. "తెలియదు" అంటే ఆ మేరకు ధర తగ్గించమనండి.

సీక్యాంప్: దీని మ్యాగజైన్ కొలతే పొట్టి హాలోపాయింట్ (కొన గుంటగా ఉండే) తూటాల కోసం పెట్టింది. మామూలు గుండ్రటి తలకాయ తూటాలు అందులో పట్టవు. అది లోపం కాదు.

"అన్‌ఫైర్డ్" అన్న మాట వింటే ఒకటి గుర్తుంచుకోండి: ఫ్యాక్టరీలోనే పరీక్ష కోసం కాల్చి పంపుతారు. బయటికొచ్చాక కాల్చలేదు అన్నంతవరకే ఆ మాటకి అర్థం.

## 9. మ్యాగజైన్, పెట్టె, కాగితాలు

డెటోనిక్స్‌లో పెద్ద 1911 మ్యాగజైన్ కూడా కిందికి పొడుచుకొచ్చినా పడుతుంది. అందుకే అసలు మ్యాగజైన్ పోయి ఏదో ఒకటి పెట్టి అమ్మేవాళ్లు ఎక్కువ. అసలుదానికి నిండినప్పుడు అడుగు పలక నుంచి చిన్న పిన్ను బయటికి వస్తుంది. అది చూడండి.

పీ7ఎం13కి అసలు మ్యాగజైన్లు 13 తూటాలవి. 1994 నుంచి 2004 వరకు అమల్లో ఉన్న ఫెడరల్ నిషేధం వల్ల ఆ మధ్యకాలంలో వాటి ధరలు ఆకాశాన్నంటాయి. ఇప్పటికీ అదనపు మ్యాగజైన్ ఉందా లేదా అన్నది మొత్తం ధరని మార్చేస్తుంది. ఏఎస్‌పీకైతే చీలికలున్న మ్యాగజైన్ విడిగా వెతుక్కోవడం చాలా కష్టం. అది లేకుండా వస్తే సగం పిస్టల్ వచ్చినట్టే లెక్కేయండి.

పెట్టె మీద లేబుల్ సీరియల్ నంబరు, పిస్టల్ సీరియల్ నంబరు కలవాలి. కలవని పెట్టెకి అదనపు డబ్బు ఇవ్వొద్దు.

## 10. ధర ఇలా కట్టుకోండి

1. అడుగుతున్న ధరలు చూడకండి. వేలం సైట్లలో ముగిసిన వేలాలు, అందులోనూ నిజంగా అమ్ముడైనవే తీసుకోండి.
2. ఒకే ఊరి గుర్తు, ఒకే మార్క్ ఉన్న కనీసం ఐదు అమ్మకాలు రాసుకోండి. అన్నిటికంటే ఎక్కువది, అన్నిటికంటే తక్కువది తీసేయండి.
3. పెద్ద వేలం సంస్థల్లో పలికిన ధర మీద కొనుగోలుదారు ప్రీమియం విడిగా పడుతుంది. అది కలిపే పోల్చండి.
4. డీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజు, షిప్పింగ్, పన్ను కలపండి.
5. లేని మ్యాగజైన్, మార్చాల్సిన స్ప్రింగులు తీసేయండి.

మొదట్లో చెప్పిన ఫోన్‌కాల్‌కి ఈ లెక్క వేసి చూద్దాం. డెటోనిక్స్‌కి సియాటిల్ గుర్తు ఉంది, ఒరిజినల్ ఫినిష్, పెట్టె లేదు, మ్యాగజైన్ అసలుది కాదు. పీ7ఎం8 మీద వర్జీనియా గుర్తు ఉంది, కోడ్ తేలిగ్గా చదవొచ్చు, పెట్టె నంబరు కలిసింది, రెండు మ్యాగజైన్లు ఉన్నాయి. అరుదు చూస్తే డెటోనిక్స్ గెలుస్తుంది. కానీ మొదటి సేకరణ అయితే నేను పీ7ఎం8 తీసుకోమంటాను, ఎందుకంటే దాని గడిలో ఖాళీలు లేవు. ఇప్పటికే నాలుగైదు పిస్టళ్లు ఉండి, మ్యాగజైన్ కోసం రెండేళ్లు వెతికే ఓపిక ఉన్నవాళ్లయితే డెటోనిక్స్ తీసుకోండి, ధర తగ్గించి.

## 11. తరచుగా జరిగే తప్పులు, సరిదిద్దుకునే దారి

ఫోటోలు చూసి అడ్వాన్స్ పంపేయడం. రెండువైపులా, అడుగున, మూతి దగ్గర, రోల్ మార్క్ దగ్గరగా, ఇలా కనీసం పది ఫోటోలు సహజ వెలుగులో అడగండి. చూసుకునే గడువు, వాపసు షరతు రాతలో తీసుకోండి. డీలర్ దగ్గర మీ పేరు మీదికి మారకముందే పరిశీలించండి. చాలామంది అమ్మేవాళ్లు ట్రాన్స్‌ఫర్ అయ్యాక వాపసు తీసుకోరు.

కొనగానే "బాగుచేయించడం". పాలిష్ చేయించకండి, సైట్లు మార్చకండి, స్ప్రింగులు మారిస్తే పాతవి పారేయకండి. కవరులో పెట్టి తేదీ రాసి పెట్టెలో ఉంచండి.

గ్రిప్స్‌ని సాల్వెంట్‌తో తుడవడం. ఏఎస్‌పీ పారదర్శక గ్రిప్స్ పాలీకార్బొనేట్‌వి. అమ్మోనియా, అసిటోన్ ఉన్న ద్రవం తగిలితే సన్నటి పగుళ్లు వల అల్లినట్టు పాకుతాయి, ఇక పోవు. క్లీన్ చేసేముందు గ్రిప్స్ తీసి పక్కన పెట్టండి. వాటిని గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బుతో తుడిస్తే చాలు.

పీ7లో ముతక సీసపు గుండ్లు వాడటం. పైన రాగి తొడుగులేని గుండ్లు వాడితే సీసం గ్యాస్ రంధ్రంలో పేరుకుంటుంది. మునుపటి ఓనర్ ఏం వాడాడో అడగండి.

## 12. ఇంటికి తెచ్చాక

తోలు హోల్‌స్టర్‌లో పెట్టి దాచొద్దు. తోలు పదును చేసే రసాయనాలకి తేమ తోడైతే బ్లూయింగ్ (ఉక్కు మీది నీలి నలుపు పూత) మీద తుప్పు మచ్చలు వస్తాయి. హ్యూస్టన్ లాంటి చోట ఉన్నవాళ్లు సేఫ్‌లో సిలికాజెల్ పెట్టి, అది రంగు మారగానే ఆరబెట్టుకోవాలి. పట్టుకున్న ప్రతిసారీ సన్నటి నూనె గుడ్డతో తుడవాలి. మన చెమటకి ఒక్క రాత్రిలో వేలిముద్ర అచ్చుపడుతుంది.

వారాంతాల్లో స్నేహితుల కుటుంబాలు, పిల్లలు వచ్చే ఇళ్లు మనవి. పిస్టల్ సేఫ్‌లో, తూటాలు వేరే చోట తాళంలో ఉండాలి. సేఫ్ కోడ్ పిల్లలకి తెలియకూడదు. చూపించమని ఎవరైనా అడిగితే, వాళ్ల వీసా ఏమిటో గుర్తుంచుకోండి.

ఇంటి ఇన్సూరెన్స్‌లో తుపాకుల దొంగతనానికి సాధారణంగా ఒక పరిమితి ఉంటుంది. ఏజెంట్‌ని అడిగి విడిగా రాయించుకోండి. టైప్ 03 లైసెన్స్ ఉన్నవాళ్లు ఆ లైసెన్స్ కిందికి వచ్చే ప్రతి కొనుగోలునూ, అమ్మకాన్నీ పుస్తకంలో నమోదు చేయాలి.

చివరిగా ఒక చిన్న పోస్ట్‌కార్డు సైజు అట్ట తీసుకుని ఇవి రాసి పెట్టెలో ఉంచండి:

- [ ] కొన్న తేదీ, ధర, ఏ డీలర్ ద్వారా వచ్చింది
- [ ] సీరియల్ నంబర్లు, తేదీ కోడ్, ఊరి గుర్తు
- [ ] కొన్న రోజు ఉన్న గీతలు, మచ్చలు, ఫోటోలు ఎక్కడ దాచారో
- [ ] మార్చిన భాగాలు, పాతవి ఎక్కడున్నాయో
- [ ] స్ప్రింగ్ మార్చిన తేదీ, అప్పటినుంచి కాల్చిన తూటాల లెక్క
- [ ] మీరు లేనప్పుడు ఇంట్లోవాళ్లు ఏ లైసెన్స్ ఉన్న డీలర్‌కి ఫోన్ చేయాలో